పేరా దగ్గర తెగిన ఉత్తరం

ఆ రోజుల్లో రాజోలులో కీబోర్డు వంక చూడకుండా కంప్యూటర్ మీద టైపు కొట్టగలిగిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. (ఇంకో ఇద్దరున్నారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి తెలియదు కాబట్టి ఆ గర్వమంతా నేనొక్కదాన్నే అనుభవించాను.) రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. డిగ్రీ పాసై, అమలాపురంలో ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసి, ఇరవై రెండేళ్ళకే లోకంలో నేర్చుకోవలసింది ఇంకేమీ మిగల్లేదన్న పూర్తి నమ్మకంతో ఇంటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీద కోపం రాదు, కాస్త అసూయ కలుగుతుంది. ఎవరేది అడిగినా, తెలిసినా తెలియకపోయినా ఠపీమని సమాధానం చెప్పేదాన్ని. "మా అమ్మాయికి సందేహమనే జబ్బు రాలేదండి, అదృష్టవంతురాలు" అనేది మా అమ్మ, ఇంటికొచ్చిన వాళ్ళతో. అది పొగడ్త కాదని నాకు పెళ్ళయ్యాక గాని అర్థం కాలేదు.

నాకు మొదటి ఉద్యోగమిచ్చినవారు టైపు మాస్టారు. ఆయన పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. నలభై ఏళ్ళుగా రాజోలు మెయిన్ రోడ్డు మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఇంటర్ చదివే రోజుల్లో నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అక్షరాల వంక చూసి కొడుతున్నామని అనుమానం వస్తే చాలు, భుజం మీది తువ్వాలు తీసి మన చేతుల మీద కప్పేవారు. ఆ చీకట్లో వేళ్ళు దారి వెతుక్కోవలసిందే. అలా రెండేళ్ళు తువ్వాలు కింద బతికిన వేళ్ళు నావి. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక మాస్టారు ధైర్యం చేసి రెండు కంప్యూటర్లు కొన్నారు. వెనక గదిలో టైపు మిషన్లు అలాగే ఉంచి, ముందు గదికి నెట్ సెంటర్ అని బోర్డు కట్టించి, "నువ్వు రామ్మా, నాకు కొత్త విద్య, నీకు కొత్త ఉద్యోగం" అన్నారు.

మాకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గల్ఫు కుటుంబాల వాళ్ళే. ఏ వీధిలో చూసినా ఒక ఇంటివాళ్ళు కువైట్లోనో మస్కట్లోనో ఉండేవారు. వాళ్ళ అమ్మలూ భార్యలూ వచ్చి పక్కన కూర్చుని ఉత్తరం చెబుతుంటే మేం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి మెయిల్ పంపేవాళ్ళం. జవాబు వస్తే చదివి వినిపించేవాళ్ళం. పని తేలికే గాని, ఆ పని ఎలా చెయ్యాలన్న విషయంలో మాస్టారికీ నాకూ ఒక్కనాడూ కుదిరేది కాదు. టైపు మిషనులో వరస చివరికి రాగానే గంట మోగేది, అప్పుడు చేత్తో తోసి కొత్త వరస మొదలుపెట్టాలి. కంప్యూటర్లో గంట లేదు కాబట్టి ఆయన దాన్ని మనసులోనే మోగించుకుని, ప్రతి వరస చివరా ఎంటర్ కొట్టేవారు. "అక్కర్లేదండీ, వరస నిండితే అదే కిందకి దిగుద్ది" అనేదాన్ని. "దిగుద్దిలేమ్మా, దిగకపోతే?" అనేవారు. తీరా ఆ ఉత్తరం అవతలివాళ్ళకి చేరేసరికి ఒక వరస బారెడు, తర్వాతి వరస బెత్తెడు. జవాబు రాసేటప్పుడు ఇంకో తగువు. వాళ్ళు రాసిన పాత ఉత్తరం ఎలాగూ తెర మీద ఉంటుంది కదా, మన జవాబు దాని పైన రాయాలని నేను, కింద రాయాలని ఆయన. "ముందు వాళ్ళడిగింది, తరవాత మనం చెప్పింది. ఎక్కడైనా అడక్కుండానే జవాబు చెప్తారేంటమ్మా?" అని ఆయన వాదన. "ఏం అడిగేరో వాళ్ళకి గుర్తుండదాండీ?" అని నా వాదన. వచ్చినవాళ్ళు పాపం, మా ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చునేవారు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం ట్యాబ్ మీట దగ్గర జరిగింది. టైపు నేర్చుకున్నవాళ్ళకి పేరా మొదలుపెట్టడమంటే ట్యాబ్ నొక్కడమే. నొక్కగానే వరస కాస్త లోపల నుంచి మొదలవుతుంది. మా మెయిల్ పేజీకి ఆ మర్యాద తెలియదు. అందులో ట్యాబ్ నొక్కితే రాసే పెట్టె వదిలేసి దాని కిందున్న సెండ్ బొత్తాం మీదకి పోయి కూర్చునేది. ఆ తర్వాత మనం ఏ అక్షరం కొట్టినా పలకదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కోసం స్పేస్ మీట తాకామో, అంతే, సెండ్ నొక్కినట్టే, ఉన్నది ఉన్నట్టుగా ఉత్తరం వెళ్ళిపోతుంది. మాస్టారు తన మొదటి మెయిల్ హైదరాబాదులో ఉన్న బావమరిదికి రాశారు. "చిరంజీవి బావకి ఆశీస్సులు," అని కొట్టి, ఎంటర్ కొట్టి, దర్జాగా ట్యాబ్ నొక్కి, మొదటి మాట కొట్టి, స్పేస్ తాకారు. ఉత్తరం మాయమైంది. ఇదేదో కరెంటు తేడా అనుకుని మళ్ళీ మొదలుపెట్టారు. అలా అయిదుసార్లు. మర్నాడు జవాబు వచ్చింది: "బావగారూ, అయిదుసార్లు పిలిచారు. పలుకుతున్నాను, చెప్పండి."

నేను నవ్విన నవ్వుకి పక్క కిళ్ళీ కొట్టాయన కూడా వచ్చి చూశాడు. (ఆ నవ్వు గురించి ఇప్పుడు రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.) మాస్టారు నొచ్చుకోలేదు గాని వాదన మానలేదు. "నలభై ఏళ్ళుగా ట్యాబంటే పేరా. ఇప్పుడీ మిషనొచ్చి ట్యాబంటే పంపించెయ్యడం అంటే ఎవరిదమ్మా తప్పు? మిషనే మనిషికి అలవాటు పడాలి గాని." "మనిషే మిషనుకి అలవాటు పడాలండి. చేతుల మీద కాస్త అదుపుండాలి" అన్నాను. ఎవరితో అంటున్నానో చూడండి, ఆ చేతులకి విద్య నేర్పిన మనిషితో! ఆయన మాత్రం "ఆయ్, ఉండాలమ్మా" అని నెమ్మదిగా తలూపి వెనక గదిలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పేరా మొదట్లో స్పేస్ మీటే అయిదుసార్లు లెక్కపెట్టుకుంటూ నొక్కేవారు. నేను పేరాల ఊసే ఎత్తేదాన్ని కాదు, గుక్కతిప్పుకోకుండా ఒకటే ముద్దగా కొట్టేసేదాన్ని.

ఇంకొక్క తగువు చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. ఉత్తరం చెప్పించే ప్రతివాళ్ళూ "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాము" అన్న మాటతోనే మొదలుపెట్టేవారు. వారం వారం అదే మాట. నాకు ఒళ్ళు మండేది. క్షేమం కాకపోతే చెప్పాలి గాని, క్షేమంగా ఉన్నామని చెప్పడానికి ఒక వరస దండగ ఎందుకని నా సిద్ధాంతం. మాస్టారు ఒక్కసారైనా ఆ వరస వదిలేవారు కాదు. "గుమ్మం దాటకుండా నట్టింట్లోకి దూకుతామేంటమ్మా?" అనేవారు. నేను దూకేదాన్ని. వాళ్ళు ఆ వరస చెప్పగానే "ఆయ్, రాసేనండి" అనేసి, రాయకుండా విషయంలోకి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు రావు కదా, ఎవరు చూడొచ్చారు!

ఆ అక్టోబరులో ఒక మంగళవారం అప్పనపల్లి పిన్నిగారు వచ్చారు. మాకు చుట్టరికమేమీ లేదు, మా వైపు అందరికీ ఏదో ఒక వరస ఉండి తీరాలి గనక ఆవిడ నాకు పిన్నిగారు, వాళ్ళాయన బాబాయిగారు. వాళ్ళ పెద్దబ్బాయి కువైట్లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. మరుసటి నెలలో అతని వీసా గడువు పొడిగించాలి. ఈలోగా పని వదిలి ఇండియా వెళితే మళ్ళీ గుమ్మం తొక్కనివ్వనని యజమాని ఖచ్చితంగా చెప్పేశాడట. ఆ ఇంటికి ఆ ఉద్యోగమే దన్ను. అందుకే బాబాయిగారి కంటికి శుక్లం వస్తే, అబ్బాయికి తెలిస్తే పరిగెత్తుకొస్తాడని దాచిపెట్టి, రాజమండ్రి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, ఇంటికొచ్చాక తీరిగ్గా చెబుదామని ఇప్పుడు బయలుదేరారు పిన్నిగారు. ఆవిడ ఉత్తరాలన్నీ ఎప్పుడూ మాస్టారే రాసేవారు. ఆ రోజు మాత్రం టైపు పరీక్షలు దగ్గరపడి, ఆయన వెనక గదిలో పిల్లల మధ్య తువ్వాలుతో తిరుగుతున్నారు.

"మాస్టారు ఖాళీగా లేరామ్మా?" అన్నారు పిన్నిగారు, తడిసిన గొడుగు మూల పెడుతూ. "నేనున్నాను కదండీ, పావుగంటలో అయిపోద్ది, కూచోండి" అన్నాను. ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని, మాకోసం తెచ్చిన కొబ్బరుండల డబ్బా మూత తీసి ఎదురుగా పెట్టారు. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు..." అని మొదలుపెట్టారు. "ఆయ్, రాసేనండి" అన్నాను, కొబ్బరుండ నోట్లో వేసుకుంటూ. తర్వాత ఆవిడ చెప్పినట్టే కొట్టాను: "నాన్నగారిని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్పించాం. ఆపరేషన్ చేశారు. నువ్వు కంగారు పడతావని ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు." ఇక్కడ పిన్నిగారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. నేను రెండో ఉండ ఏరుకుంటున్నాను. "కంటికి శుక్లం తీసేసేరు, ఇప్పుడు నిక్షేపంగా పేపరు చదువుకుంటున్నారు" అని ఆవిడ అందుకోగానే, తెర వంక చూడకుండానే నా చేతులు పరిగెత్తాయి. తలెత్తి చూస్తే తెరంతా తెల్లగా ఉంది. అంతలో ఆకాశం బద్దలైనట్టు ఉరుము, ఫోన్ లైను పోయింది, ఫోన్ లైనుతోపాటు నెట్టూ పోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు పిన్నిగారు. "లైను పోయిందండి. రాసిందంతా పోయింది." "సగం గాని వెళ్ళిపోలేదు కదా?" అని ఆవిడ అనుమానంగా అడిగితే, "అబ్బే, అసలు వెళ్ళలేదండీ! సెండ్ నొక్కితేగా వెళ్ళడానికి!" అన్నాను. ఉరుముకి మాస్టారు వెనక గదిలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, పేరా దగ్గరా?" అన్నారు. "నేనాండీ? నేనా?" అన్నాను, ఆ మాటకే రోషం వచ్చి. ఆయన తల లోపలికి తీసుకున్నారు. రేపొచ్చి రాయిస్తానని పిన్నిగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రేపు రాలేదు. వాయుగుండమని రేడియోలో చెప్పారు, నాలుగు రోజులు వాన దంచి కొట్టింది. ఫోన్లు లేవు, బస్సులు లేవు, నేను ఇంట్లో కూర్చుని మిగిలిన కొబ్బరుండలు తిన్నాను.

శనివారం పొద్దున్న ఎండ వచ్చింది, లైనూ వచ్చింది. తాళం తీసి మొట్టమొదట పిన్నిగారి మెయిల్ పెట్టె తెరిచాను. కొడుకు దగ్గర నుంచి రెండు ఉత్తరాలు. మొదటిది గురువారం నాటిది: "అమ్మా, నాన్నకి ఏమైంది? ఎంత చేసినా మన ఊరి ఫోన్ మోగట్లేదు." రెండోది అప్పుడే వచ్చింది: "నాకు అర్థమైపోయింది. ఇంక దాచొద్దు. యజమాని కాళ్ళ మీద పడి పాస్‌పోర్టు తీసుకున్నాను. వీసా సంగతి దేవుడెరుగు. ఈ రాత్రి విమానం ఎక్కుతున్నాను. నేను వచ్చేదాకా ఉంచండి." దాని కింద ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు కింద, ప్రతి వరస ముందూ బాణం గుర్తుతో, నా ఉత్తరం. 'ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు' దగ్గర ఆగిపోయి, తెగిన తాడులా వేలాడుతోంది.

ఆ క్షణంలో నా చిటికెన వేలు చేసిన పని ఆ వేలికే గుర్తొచ్చింది. ఎంటర్, ట్యాబ్, 'కంటికి', స్పేస్. రెండేళ్ళు తువ్వాలు కింద పెరిగిన వేలు కదా, మాట్లాడే మనిషి ఆగగానే అది పేరా అనుకుని తన ధర్మం తాను చేసేసింది. "మాస్టారండీ" అని కేక వేశాను. ఆయన వచ్చి కళ్ళజోడు సర్దుకుని రెండు ఉత్తరాలూ చదివారు, కింద నాదీ చదివారు. నేను చెప్పానా అంటారని ఎదురుచూశాను. నేనైతే అనేదాన్ని, ఒకసారి కాదు, సాయంత్రం దాకా అనేదాన్ని. ఆయన మాత్రం "పేరా దగ్గర తెగింది" అని, నేను ఏడవబోతుంటే "ఏడుపు తరవాతమ్మా, ముందు ఆ అబ్బాయిని ఆపాలి" అన్నారు.

పక్కనే ఎస్టీడీ బూత్. నంబరు కలిపితే అతని గది స్నేహితుడు తీశాడు. వాడిది మలికిపురమట. మేం రాజోలు నుంచి అనగానే, "ఆయ్, తెలిసిందమ్మా. మనోడు సామాను కొనడానికెళ్ళేడు. బాధపడకండి, మన చేతిలో ఏముందండీ" అని ఓదార్చడం మొదలుపెట్టాడు. "బాబాయిగారు బతికే ఉన్నారండి!" అని నేను అరిస్తే, "అలాగేనమ్మా, ఆ మాటే చెప్తానండి, ప్రయాణంలో ధైర్యంగా ఉంటాడు" అన్నాడు జాలిగా. మాస్టారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "బాబూ, అతన్ని రెండు గంటలపాటు ఫోన్ దగ్గరే కూచోబెట్టండి. వాళ్ళ నాన్నగారే మాట్లాడతారు" అని పెట్టేసి, "ఈ మాట మనం చెప్తే లాభం లేదమ్మా, దాచమన్నారనుకుంటారు. ఆయన గొంతే వినబడాలి" అంటూ రోడ్డు మీదకి వెళ్ళి ఆటో ఆపారు.

తాటిపాక దాటాక రోడ్డు నిండా నీళ్ళే, అడ్డంగా పడ్డ కొబ్బరి మట్టలే. ఆటో అబ్బాయి దిగి వాటిని లాగడం, మళ్ళీ ఎక్కడం. దారిలో నేను "మాస్టారూ, ఆ ట్యాబు నేనే..." అని రెండుసార్లు మొదలుపెట్టాను. "తెలుసమ్మా, నీకు టైపు నేర్పింది నేనే కదా" అన్నారు ఆయన, బయటికి చూస్తూనే. అప్పనపల్లి చేరేసరికి బాబాయిగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, గాలికి పడిన కాయలు ఏరుతున్న మనుషుల మీద అజమాయిషీ చేస్తున్నారు. ఆయన బతికే ఉన్నారని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆయన్ని చూడగానే భోరున ఏడ్చేశాను. ఆయన కంగారుపడి లేచి, "ఏంటమ్మా, ఎవరికేమైంది?" అన్నారు. "మీకేనండి" అన్నాను. మాస్టారు సంగతి చెప్పాక ఆయన కాసేపు ఆలోచించి, "నాకా! నాకు చెప్పకుండానే?" అన్నారు. పిన్నిగారు మాత్రం అక్కడే కూలబడిపోయి, "వాడి వీసా అండీ, వాడి వీసా" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

నలుగురం ఆ ఆటోలోనే రాజోలు వచ్చిపడ్డాం. బూత్‌లో పట్టేది ఇద్దరే గనక బాబాయిగారూ పిన్నిగారూ లోపల, తలుపు తెరిచిపెట్టి మాస్టారూ నేనూ బయట. నంబరు కలిసింది. బాబాయిగారు సముద్రాలు దాటాల్సింది తన గొంతే అన్నట్టు, "ఒరేయ్! నేనేరా! మీ నాన్నని!" అని అరిచారు. అవతల నుంచి ఏదో వినబడింది. ఆయన మొహం మాడిపోయింది. "చిన్నాన్నవి కదూ, నాకు తెలుసులే అంటున్నాడేవ్! నా తమ్ముడి గొంతులా ఉందట!" అన్నారు పిన్నిగారితో. ఇంక ఆయనకి కోపం ఆగలేదు. "ఒరేయ్ గాడిదా, కన్నతండ్రి గొంతు పోల్చుకోలేవా? చిన్నప్పుడు తూములో కాలు ఇరికించుకుని ఏడుస్తుంటే లాగింది మీ చిన్నాన్నట్రా? నెల రోజులు ఆగలేవా? వీసా వదిలేసుకుని వచ్చి ఇక్కడ ఏం చేస్తావ్, నాతోపాటు కాయలు ఏరతావా? ఆ టిక్కెట్టు ఇచ్చెయ్ ముందు! ఇప్పుడొచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను!" అని దులిపేశారు. అవతల పెద్దగా ఏడుపు, రోడ్డు మీద నిలబడ్డ నాకు కూడా వినిపించింది. తిట్టిన తీరు చూసి నమ్మాడన్నమాట.

పిన్నిగారు ఫోన్ అందుకుని, "ఏంట్రా నాన్నా, ఉత్తరం సగంలో ఆగిపోతే మాత్రం అంత మాట అనుకుంటావా?" అన్నారు. వింటూ వింటూ నెమ్మదించారు. "ఏంటీ? మొదట్లో... మొదట్లో ఆ వరస లేదా?" అన్నారు. మళ్ళీ విన్నారు. తర్వాత అతను అన్నది మాకందరికీ చెప్పారు. "సగం రావడం కాదమ్మా, నువ్వు క్షేమం అనకుండా ఒక్క ఉత్తరం కూడా రాయించలేదు. ఆ వరస లేకపోయేసరికి నీ బదులు ఇంకెవరో రాయించేరనుకున్నాను, ఆ మాట అనడానికి నీకు నోరు రాలేదనుకున్నాను అంటున్నాడండీ." చెబుతూ ఆవిడ కళ్ళు నా వైపు తిరిగాయి. నేను దండగ అనుకున్న వరస అది. భూమి విచ్చుకుంటే బాగుండునని పుస్తకాల్లో చదివాను, దాని అర్థం అప్పుడు తెలిసింది.

నేను నోరు తెరిచేలోపు మాస్టారు ముందుకొచ్చి చేతులు జోడించారు. "అంతా నా వల్లేనమ్మా. నా చెయ్యి తగిలి ఉత్తరం సగంలో వెళ్ళిపోయింది. ఆ మొదటి వరస కూడా నేనే చెరిపేసేను, పొరపాటున. పెద్దవాణ్ణయిపోయాను, చేతులు చెప్పినట్టు వినట్లేదండి." నలభై ఏళ్ళలో తప్పు అక్షరం కొట్టలేదని పేరున్న మనిషి, నడిరోడ్డు మీద, కిళ్ళీ కొట్టాయన వింటుండగా అన్న మాట అది. పిన్నిగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. "అయ్యో, దానికేముందండీ, మీరంతమాట అనకండి. పిల్లాడు ఆగేడు, అంతే చాలు" అన్నారు. నేను అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. జీవితంలో మొదటిసారి నా దగ్గర ఠపీమని చెప్పడానికి ఏమీ లేదు.

టిక్కెట్టు వెనక్కిచ్చేశాడు, పాస్‌పోర్టు యజమానికి మళ్ళీ అప్పగించాడు, వీసా సంగతి ఏమీ చెడలేదని రెండు రోజుల్లో కబురొచ్చింది. హమ్మయ్య అనుకోవలసింది. కానీ ఊళ్ళో ఇంకో కబురు బయల్దేరింది. మాస్టారికి చేతులు వణుకుతున్నాయట, ఉత్తరాలు సగంలో వెళ్ళిపోతున్నాయట. ఎప్పుడూ ఆయన దగ్గరే రాయించుకునేవాళ్ళు నెమ్మదిగా నా కుర్చీ పక్కకి చేరడం మొదలుపెట్టారు. "నువ్వైతే చిన్నదానివి కదమ్మా, తప్పు పోదు" అని ఒకావిడ నా ఎదురుగానే అంది. మాస్టారు విన్నారు. విననట్టు లేచి, ఎవరూ కొట్టని టైపు మిషను మీద దుమ్ము తుడిచారు. ఆ వారమంతా అన్నం సయించలేదు నాకు. మా అమ్మ, దీనికి సందేహం జబ్బు తగులుకున్నట్టుంది అని సంబరపడింది కూడా.

ఆ పై వారం మంగళవారం పిన్నిగారు వచ్చారు. గది నిండా జనం. మాస్టారు తన కంప్యూటర్ దగ్గర ఖాళీగా కూర్చున్నారు. ఆవిడ ఆయనకి నమస్కారం పెట్టి, తిన్నగా వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చుని, డబ్బా తీసి ఎదురుగా పెట్టి, "రాయమ్మా" అన్నారు. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. ఎవరు వింటున్నారో చూసుకోలేదు. "పిన్నిగారూ, ఆ రోజు మాస్టారి చెయ్యి తగల్లేదండీ. నేనేనండి. మొదటి వరస కూడా నేనే రాయలేదు, రాసేనని అబద్ధం చెప్పేను. ఆయన చేతికి ఏ వణుకూ లేదు" అన్నాను గట్టిగా. మాస్టారు తల వంచుకుని ఎంటర్ మీట వంక చూస్తున్నారు. పిన్నిగారు మాత్రం చలించకుండా, "తెలుసమ్మా" అన్నారు.

"తెలుసాండీ?" అన్నాను.

"తెలీదేంటే పిచ్చిదానా! నీ పక్కనే కూచున్నాను. మాస్టారు గోడవతల పిల్లలకి పాఠం చెప్తున్నారు. ఆయన చెయ్యి అక్కణ్ణించి ఇక్కడిదాకా ఎలా తగులుద్ది?"

"మరి ఆ రోజు ఏమీ అనలేదేంటండీ?"

"అంత పెద్దాయన రోడ్డు మీద నించుని నీకోసం అబద్ధమాడుతుంటే, కాదండీ మీరు అబద్ధమాడుతున్నారని అంటే ఏం మర్యాదమ్మా? నువ్వే చెప్తావని ఊరుకున్నాను. ఇవాళ చెప్పకపోతే వచ్చే మంగళవారం కూడా వచ్చి ఇక్కడే కూచునేదాన్ని" అని, ఆవిడ డబ్బా నా వైపు జరిపి, తాను లేచి మాస్టారి పక్క కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. వెనకే ఇంకో ఇద్దరు లేచి ఆ వైపు నడిచారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళు ఒకసారి విరుచుకుని, "చెప్పండమ్మా" అన్నారు.

బూత్ దగ్గర్నుంచీ మా ముగ్గురికీ జరిగింది తెలుసు. ఇద్దరు పెద్దవాళ్ళూ ఆ మాట ఎత్తకుండా పది రోజులు నా కోసం కాచుకున్నారు. మాస్టారు లేరిప్పుడు. అమలాపురంలో పిల్లలకి కంప్యూటర్ చెప్పే ఉద్యోగం నాది, నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఏ విషయమైనా ఠపీమని చెప్పేసేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఒకరుంటారు. వాళ్ళని చూసినప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. అది ఇప్పుడు ఎక్కడైనా ఎదురైతే తిట్టాలనిపించదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తప్పు దానంతట అది ఒప్పుకునేదాకా ఏమీ తెలియనట్టు ఊరుకోవాలనిపిస్తుంది.